చేలో ఉన్న రైతు జాబితాలో ఎందుకు లేడు?

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి శ్రీ కింజరాపు అచ్చెన్నాయుడు గారికి,

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా కాట్రేనికోన మండలం నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. మాకు కొంత సొంత చేను, కొంత కౌలు చేను ఉన్నాయి. నాలుగు అక్షరాలు వచ్చినవాడినని చుట్టుపక్కలవాళ్లు కాగితాలు పట్టుకుని మా అరుగు మీదికి వస్తుంటారు. రాష్ట్రం పెట్టుబడి సాయం పథకం అన్నదాత సుఖీభవ మొదలైన దగ్గర్నుంచీ ఆ రాకపోకలు బాగా పెరిగాయి. వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే మాట: "మా పేరు ఎందుకు లేదండీ?" ఆ ప్రశ్నకు నేను చెప్పగలిగిన జవాబు ఏదీ లేదు. చెప్పవలసినవాళ్లు మీరు. అందుకే మీ ఇంటికి ఉత్తరం పంపకుండా, అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగిన మంచి చెబుతాను. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో ముఖ్యమంత్రి గారు అన్నదాత సుఖీభవ తొలి విడత విడుదల చేశారు. అదే రోజు వారణాసిలో ప్రధానమంత్రి కేంద్రం పథకం పీఎం కిసాన్ 20వ విడత విడుదల చేశారు. రాష్ట్రం ఐదు వేలు, కేంద్రం రెండు వేలు, మొత్తం ఏడు వేలు. నవంబరు 19న కడప జిల్లా పెండ్లిమర్రిలో రెండో విడత. మళ్లీ ఏడు వేలు. సాధారణ రకం ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 1,777. ఏడు వేలంటే దాదాపు నాలుగు బస్తాల ధాన్యం. అందుకున్న ఇంట్లో అది ఎరువుల కొట్టు బాకీకో, ఊడ్పు కూలీలకో అక్కరకొచ్చింది. ఆ మాట దాచుకోవలసిన పని లేదు.

అయితే ఆ డబ్బు వచ్చిన తేదీల గురించి, ఆ జాబితా తయారైన తీరు గురించి మా తీరగ్రామాల వైపు నుంచి చెప్పవలసింది చాలా ఉంది.

మాది సెంట్రల్ డెల్టా శివారు. ధవళేశ్వరం దగ్గర కాలువలకు జూన్ 1న నీళ్లు వదిలితే, అవి మా చేల మీదికి ఎక్కేసరికి ఎగువ వాళ్ల ఆకుమళ్లు పచ్చబడి ఉంటాయి. సార్వాకు (ఖరీఫ్) మా దగ్గర ఎక్కువమంది వేసేది స్వర్ణ. అది ఇంచుమించు 150 రోజుల పంట. జూన్‌లో విత్తనం పడితే నవంబరు మొదట్లో కోతకు వస్తుంది. జూలై చివర పడితే డిసెంబరు చివరికి పోతుంది. మధ్యలో అక్టోబరు, నవంబరు మా కోస్తాకు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి కాట్రేనికోన తీరం మీద విరుచుకుపడిన తుపాను గురించి ఇక్కడ చెప్పించుకోవలసినవాళ్లు ఎవరూ లేరు. మీది శ్రీకాకుళం జిల్లా కాబట్టి, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరిని ఎలా పడగొట్టిందో చూసినవారు కాబట్టి, ఈ భయం మీకు విడమరచి చెప్పనక్కర్లేదు. మా రైతుకు పది రోజులు ముందు ఊడ్చడమా, వెనక ఊడ్చడమా అన్నది కుప్ప ఇంటికొస్తుందా, నీళ్లలో మొలకెత్తుతుందా అని తేల్చే సంగతి.

ఆ పది రోజులు కలిసి రావాలంటే చేతిలో డబ్బు జూన్ మొదటి వారానికి ఉండాలి. దమ్ముకు ట్రాక్టరు, విత్తనం, మొదటి విడత ఎరువు, ఊడ్పు కూలి, అన్నీ ముప్పై నలభై రోజుల్లో మీద పడతాయి. ఎకరా సార్వా ముప్పై వేలకు తక్కువలో ఒడ్డెక్కడం లేదు, కౌలు కాకుండానే. ఆ సమయంలో డబ్బు లేకపోతే రైతు ఎరువుల కొట్టుకు వెళతాడు. కొట్టాయన నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ కట్టుకుని సరుకిస్తాడు, పంట రాగానే ధాన్యం తను చెప్పినవాళ్లకే తోలాలంటాడు. అప్పుడు మద్దతు ధర అనేది ఆ రైతుకు కాగితం మీద మాటే. ఆగస్టులో ఖాతాలో పడిన ఏడు వేలు ఆ వడ్డీకీ, అసలులో కొంతకీ సరిపోయాయి. పెట్టుబడి సాయం అని పేరు పెట్టి, పెట్టుబడి అంతా పెట్టేశాక ఇస్తే దాని బలం సగానికి సగం తగ్గిపోతుంది.

ఇది కొత్తగా కనిపెట్టవలసిన విషయం కాదు. ఇంతకు ముందు ప్రభుత్వపు రైతు భరోసాలో 13,500 రూపాయలకు మేలో 7,500, అక్టోబరులో 4,000, జనవరిలో 2,000 అని లెక్క ఉండేది. ఆ పథకంలో లోటుపాట్లు ఎన్నయినా ఉండనీయండి, పెద్ద ముక్క ఏరువాకకు ముందు రావాలన్న ఆలోచన సరైనదే. తెలంగాణలో 2025 జూన్‌లో రైతు భరోసా సొమ్ము సుమారు తొమ్మిది వేల కోట్లు తొమ్మిది రోజుల్లో ఖాతాల్లో వేశారు. వాళ్లూ అంతకు ముందు సీజన్లలో ఆలస్యం చేసినవాళ్లే, కాని ఆ జూన్‌లో వేయగలిగారు. మన దగ్గర 2024 జూన్‌లో ప్రభుత్వం వచ్చింది, ఏడాదికి 20 వేలు అని ఎన్నికల్లో ఇచ్చిన మాట ఉంది, అయినా 2024-25 రాష్ట్రం వాటా పడకుండానే గడిచిపోయింది. ఆ ఏడాదిని మేము మరచిపోలేదండీ, ఎందుకంటే ఆ ఏటి అప్పు మీద వడ్డీ ఇప్పటికీ నడుస్తోంది.

మీ ప్రభుత్వానికి వేగం చేతకాదని నేను అనను. పాత ప్రభుత్వం వదిలిపెట్టి వెళ్లిన ధాన్యం బకాయిలు సుమారు 1,674 కోట్లు 2024లోనే చెల్లించారు. ఆ ఏడు సార్వా ధాన్యానికి డబ్బు ఒకటి రెండు రోజుల్లో పడుతుంటే మా కళ్లాల్లో రైతులు ఫోన్లు ఒకరికొకరు చూపించుకున్నారు. ధాన్యం డబ్బు నలభై ఎనిమిది గంటల్లో వేయగలిగిన యంత్రాంగం, సాయం డబ్బు ఏరువాక నాటికి వేయలేదంటే నమ్మబుద్ధి కాదు.

ఇక జాబితా సంగతి.

ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించిన లెక్కల ప్రకారం రాష్ట్రం 46.85 లక్షల మందికి పైగా రైతులకు 2,342 కోట్లు ఇచ్చింది. కేంద్రం వాటా 831 కోట్లు. కేంద్రం ఇచ్చేది మనిషికి రెండు వేలు కాబట్టి, ఆ సొమ్ము సుమారు 41.5 లక్షల మందికి సరిపోతుంది. అంటే ఐదు లక్షల మందికి పైగా రైతులకు చేతికందింది ఏడు వేలు కాదు, ఐదు వేలే. రాష్ట్రం దృష్టిలో రైతు, కేంద్రం దృష్టిలో కాదు. ఎందుకు కాదో ఆ రైతుకు ఎవరూ చెప్పలేదు. 2023-24లో రైతు భరోసా అందుకున్నవాళ్లు 53 లక్షలకు పైగా అని అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది. ఆ తేడా అంతా అన్యాయంగా తీసేసిన పేర్లే అని నేననడం లేదు. అందులో కౌలు రైతులున్నారు, దేవాదాయ భూములు చేసేవాళ్లున్నారు, నిజంగా అర్హత లేనివాళ్లూ ఉండి ఉంటారు. కాని లక్షల పేర్లు ఒక జాబితాలో ఉండి మరో జాబితాలో లేనప్పుడు, ఒక్కొక్క పేరుకూ కారణం చెప్పే బాధ్యత జాబితా రాసినవాళ్ల మీద ఉంటుంది.

పేర్లు ఎలా పోతాయో దగ్గరగా చూసిన ఒకటి రెండు చెబుతాను.

మా వీధి చివర ఒక మామ్మగారు ఉంటారు. భర్త పోయాక అరెకరం చేను ఆవిడ పేరు మీదికి మారింది. చిన్నతనం నుంచీ కొబ్బరి పీచు పని చేసిన చేతులు, వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఈకేవైసీకి వేలిముద్ర పెడితే మిషన్ తీసుకోలేదు. సరే, ఓటీపీతో చేద్దామంటే ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు కూతురిది, ఆ కూతురు కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది. కోనసీమలో గల్ఫ్‌కు వెళ్లిన ఆడకూతురు లేని వీధి అరుదు. ఫోను చేస్తే అక్కడ పని వేళ, ఎత్తలేదు. తిరిగి చేసేసరికి ఇక్కడ ఓటీపీ గడువు అయిపోయింది. "మళ్లీ రండి మామ్మగారూ" అన్నాడు మిషన్ దగ్గరి కుర్రాడు, మర్యాదగానే. ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి కూడా ఉందని తర్వాత తెలిసింది. దానికి కంటి శుక్లం ఆపరేషనైన ఆవిడ రెప్పలు ఆర్పమన్నప్పుడల్లా ఆర్పలేక ఇబ్బంది పడింది. పొలం ఆవిడదే, సాగు ఆవిడదే, మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఊళ్లో ఆవిడను ఎరగనివాళ్లు లేరు. అయినా ఆవిడ ఆవిడేనని మిషన్ ఒప్పుకునేవరకు పనికాదు. ఊరంతా ఎరిగిన మనిషిని గుర్తించే అధికారం ఊళ్లో ఉన్న ఉద్యోగికి ఎందుకు ఇవ్వకూడదండీ?

ఇంకో ఇల్లు. తండ్రికి ఎకరం పావు. కొడుక్కి పెళ్లయి, ఉద్యోగం వచ్చి, వేరు కాపురం పెట్టి ఏళ్లయింది. పథకం నిబంధనలో కుటుంబం అంటే భార్యాభర్తలు, మైనరు పిల్లలు. కాని గ్రామ సచివాలయం లెక్కల్లో ఆ కొడుకు పేరు ఇంకా తండ్రి ఇంటి కిందే ఉండటంతో, ఉద్యోగి ఉన్న ఇల్లుగా చూసి తండ్రిని అనర్హుడిని చేశారు. ఒక కాగితం చెప్పింది వేరు, ఇంకో కాగితంలో ఉన్నది వేరు, మధ్యలో నష్టపోయింది ఈ రెండు కాగితాలూ చూడనివాడు. ఇంటి వివరాలు విడదీయమని అర్జీ పెట్టుకున్నాడు. అది పైకి వెళ్లిందంటారు. పైన ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు.

పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు రాసిచ్చిన చేల సంగతి ఇంకా విడ్డూరం. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలన్న నిబంధన ఉంది. ఆ తర్వాత చేతులు మారితే, యజమాని చనిపోయి వారసులకు వచ్చిన భూమికి తప్ప మినహాయింపు లేదు. అంటే తండ్రి బతికుండగా కూతురికి ప్రేమగా దానపత్రం రాసిస్తే ఆ కూతురికి రెండు వేలు రావు. చనిపోయాక వాటాగా వస్తే వస్తాయి. ఇలాంటి నిబంధన వల్ల ముందుగా దెబ్బ తినేది ఆడవాళ్లు. ఇది కేంద్రం నిబంధన అని నాకు తెలుసు. రాష్ట్రం దీని గురించి ఢిల్లీతో గట్టిగా మాట్లాడవచ్చు. మీ ప్రభుత్వం మాటకు ఇప్పుడు అక్కడ బరువుందంటారు కదా.

రీసర్వే జరిగిన ఊళ్లలో ఉమ్మడి భూ పటం (జాయింట్ ఎల్‌పీఎం) నంబర్లు పడినచోట ముగ్గురు అన్నదమ్ముల చేను ఒకే నంబరు కింద ఉంది, ఒకరికి వచ్చి ఇద్దరికి రాని ఇళ్లున్నాయి. ఆక్వాకు వాడే భూమికి సాయం లేదన్నారు. సరే, నిబంధన సమంజసమే. కాని మా తీరంలో ఒకే సర్వే నంబరులో సగం రొయ్యల చెరువు, సగం వరి చేను ఉన్న తావులు బోలెడు. సబ్ డివిజన్ కాకుండా రికార్డులో చెరువని పడితే వరి వేసేవాడి పేరు ఎక్కడ నిలుస్తుంది? అసలు ఆ చెరువు ఉప్పునీళ్లు ఊటగా దిగి చేను చవుడెక్కి పాడైనందుకు నష్టపోతున్నది కూడా ఆ వరి రైతే.

దేశమంతటా జరిగినది కూడా ఇలాంటిదే. 2022 మేలో పీఎం కిసాన్ 11వ విడత పది కోట్ల మందికి పైగా అందుకున్నారు. భూమి రికార్డు అనుసంధానం తప్పనిసరి చేశాక అక్టోబరు విడతకు ఆ సంఖ్య ఎనిమిదిన్నర కోట్ల దగ్గరకు దిగింది. దొంగ పేర్లు పోయాయని చెప్పుకున్నారు. వాటిలో ఎన్ని దొంగ పేర్లు, ఎన్ని మా మామ్మగారి లాంటి పేర్లు అన్నది విడదీసి చెప్పమంటున్నాను.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఇది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కాట్రేనికోన మండలంలో ఏ చేలోకైనా ఊడ్పుల రోజున వెళ్లండి. గట్టు మీద నిలబడి, కట్టలు అందించి, కూలీలకు మధ్యాహ్నం అన్నం ఏర్పాటు చేస్తున్న మనిషిని పట్టాదారు ఎవరని అడగండి. చాలామంది చెప్పే పేరు తమది కాదు. పట్టాదారు హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, అమెరికాలోనో ఉంటారు. ఊళ్లో చేను చూసుకునేది కౌలు రైతు. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట అయ్యాక, పంట పండినా ఎండినా ఆ బస్తాలు కొలవవలసింది అతనే. పెట్టుబడి అతనిది, అప్పు అతనిది, తుపాను వస్తే నష్టం అతనిది. పెట్టుబడి సాయం మాత్రం పాస్‌పుస్తకంలో పేరున్నవారి ఖాతాలో పడుతుంది. పీఎం కిసాన్‌లో కౌలు రైతుకు చోటే లేదు. రాష్ట్రం కౌలు రైతులకు తానే ఇస్తానంది. సాగుదారు హక్కు పత్రం ఉన్నవాళ్లకు, భూమి ఉన్న రైతులతో పాటు కాకుండా తర్వాత అంది. ఆగస్టు వెళ్లింది, నవంబరు వెళ్లింది. "మా సంగతి ఏమైనా తెలిసిందాండీ?" అని మా అరుగు మీద అడుగుతూనే ఉన్నారు.

ఆ హక్కు పత్రం దొరకడమే ఒక యుద్ధం. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. ఒక కౌలు రైతు తన భూమి యజమానికి ఫోను చేసినప్పుడు పక్కనే ఉన్నాను. తాతల నాటి నుంచి ఆ రెండు ఇళ్లకూ సంబంధం. "అయ్యగారూ, బ్యాంకు లోనుకీ, ప్రభుత్వం సాయానికీ ఒక్క సంతకం కావాలండి" అన్నాడు. "నీకేం కావాలన్నా అడుగు, డబ్బు సర్దమన్నా సర్దుతాను. సంతకం మాత్రం అడక్కు" అన్నారు అవతల నుంచి. కోపంగా కూడా అనలేదు. ఆయన భయం ఆయనది. ఆ భూమి మీద ఆయన ఇప్పటికే పంట రుణం తీసుకున్నారు, ఇంకొకరికి హక్కు పత్రం ఇస్తే బ్యాంకు ఏమంటుందో అని ఒక భయం. రేపు హక్కు అడుగుతాడేమో అని ఇంకో భయం. సాయం తనకే పడుతుండగా వదులుకోవడం ఎందుకన్నది మూడోది, అది బయటకు చెప్పరు. గట్టిగా అడిగితే వచ్చే ఏటికి చేను వేరేవాడికి ఇస్తారు. కౌలు రైతు నోరు మూసుకోవడానికి అది చాలు.

ఈ గడ్డ మీద ఈ సమస్య ఎంత పాతదో మీకు గుర్తు చేయాలి. 2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. లక్ష ఎకరాలకు దగ్గరగా బీడు పెట్టారు. మా తీర మండలాలే అందులో ముందున్నాయి. పెట్టుబడి రాదు, గిట్టుబాటు లేదు, మురుగు కాలువలు పూడిపోయాయి, కూలి దొరకదు అని దేశమంతా వినేలా చెప్పారు. అప్పటి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ ఏడే భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది, కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చారు. ఆ చట్టంలో యజమాని సంతకం తప్పనిసరి కాదు. గ్రామసభ పెట్టి, ఎవరు చేస్తున్నారో ఊరి నోట విని, రెవెన్యూవాళ్లు రాసుకోవచ్చు. బ్యాంకులు ఆ కార్డుకు పెద్దగా అప్పులివ్వలేదు, నిజమే. కాని చేను ఎవరు చేస్తున్నారో తెలుసుకోవడానికి యజమానిని అడగనక్కర్లేదు, ఊరిని అడిగితే చాలు అన్న తెలివి అందులో ఉంది. 2019లో దాన్ని తీసేసి యజమాని సంతకం తప్పనిసరి చేశారు. 2022లో కోనసీమలో మళ్లీ పంట విరామం మాట లేచింది. సంతకం అక్కర్లేని కొత్త కౌలు చట్టం తెస్తామని మీ ప్రభుత్వమే అంది. ఆ చట్టం ఇంకా మా ఊరికి రాలేదు.

సంతకం లేకుండా ఎలా అంటే, మొదలుపెట్టడానికి మీ చేతిలో ఉన్నదే చాలా ఉంది. కోనసీమలో దేవుడి మాన్యాలు ఎన్నో. అక్కడ కౌలుకిచ్చేది దేవాదాయ శాఖే. సంతకం పెట్టవలసినది ప్రభుత్వ అధికారే. ఆ కౌలు రైతుల జాబితా శాఖ రిజిస్టరులోనే ఉంది. ముందు వాళ్లకు ఇవ్వండి. దానికి చట్టం మార్చనక్కర్లేదు. మిగతావాళ్లకు ఈ-పంటలో చేను దగ్గరకు వెళ్లి ఫొటో తీసి, ఎవరు సాగు చేస్తున్నారో రాసే పద్ధతి ఇప్పటికే ఉంది. అక్కడ కౌలు రైతు పేరు నిజాయతీగా రాస్తే సాయానికీ, పంట నష్టానికీ, ధాన్యం అమ్మకానికీ ఆ ఒక్క రాత ఆధారమవుతుంది. ఒడిశాలో 2018 చివర మొదలైన కాలియా పథకం భూమి లేని వ్యవసాయ కుటుంబాలను కూడా లెక్కలోకి తీసుకుంది. భూమి కాగితం లేనివాడిని రైతుగా గుర్తిస్తే ప్రభుత్వాలు కూలిపోవు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి మా కోనసీమను కుదిపేసింది. పొట్ట మీద, పాల కంకి మీద ఉన్న వరి వంగి నీళ్లలో పడింది. మరుసటి రోజు ముఖ్యమంత్రి గారు ఓడలరేవు వచ్చి చూశారు. తర్వాత మా చేల గట్ల మీద నష్టం రాసుకునేవాళ్లు తిరిగారు. మోకాలి లోతు నీళ్లలో దిగి పడిపోయిన దుబ్బులు లేపి చూపించింది కౌలు రైతు. రాసుకునే కుర్రాడు "పాస్‌పుస్తకం ఎవరి పేరండీ?" అని అడిగాడు. ఆ కుర్రాడి తప్పు కాదు, వాడి చేతిలో ఉన్న ట్యాబు అడిగిన ప్రశ్నే వాడు అడిగాడు. అదే ట్యాబులో మొదటి ప్రశ్న "ఈ చేను ఎవరు చేస్తున్నారు?" అని ఉండి ఉంటే చాలా తేడా వచ్చేది. పాస్‌పుస్తకం పేరు రెండో ప్రశ్నగా అడగండి, మాకు అభ్యంతరం లేదు.

కాగితం లేనివాళ్లను చేరిస్తే దొంగ పేర్లు వస్తాయని అధికారులు అంటారు. వస్తాయి. ఇప్పుడు కూడా వస్తున్నాయి. ఇరవై ఏళ్లుగా చేలో కాలు పెట్టనివారికి పడుతున్న పెట్టుబడి సాయం నిబంధన ప్రకారం సక్రమమే కావచ్చు, కాని పెట్టుబడి పెట్టనివారికి వెళ్లిన పెట్టుబడి సాయం అది. దాన్ని ఎవరూ దుర్వినియోగం కింద లెక్క వేయడం లేదు. యజమానులను దోషులుగా నిలబెట్టాలని నేను రాయడం లేదు. వాళ్లలోనూ ఎకరం అరెకరం ఉన్న పేదలున్నారు, ముసలివాళ్లై చేయలేక కౌలుకిచ్చినవాళ్లున్నారు. వాళ్లది తీసి వీళ్లకు ఇవ్వమనడం లేదు. చేస్తున్నవాడికి విడిగా ఇవ్వండి. డబ్బు లేదంటే, ముందు చిన్న కౌలు రైతులతో మొదలుపెట్టండి.

మేము అడిగేవి చేయగలిగినవే. పేరు తీసేసిన ప్రతి రైతుకూ ఎందుకు తీశారో తెలుగులో, ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ కాగితం తెస్తే సరవుతుందో, ఎవరి దగ్గరకు వెళ్లాలో, ఎన్నాళ్లలో తేలుస్తారో అందులో ఉండాలి. ఫోనులో నొక్కితే ఇంగ్లీషులో రెండు ముక్కలు కనబడటం జవాబు కాదు. 155251 హెల్ప్‌లైనుకు ఫోను చేసినా, వాట్సాప్‌లో ప్రభుత్వ సేవ 'మన మిత్ర'కు రాసినా చివరకు "రైతు సేవా కేంద్రంలో అడగండి" అన్న మాటే వస్తే, ఆ కేంద్రంలో కూర్చున్నవాడికి సరిచేసే అధికారం కూడా ఇవ్వాలి. అర్జీ తీసుకోవడం మాత్రమే అతని పని అయితే రైతు అక్కడ ఎందుకు నిలబడాలి? అర్జీ తేలాక పాత విడత సొమ్ము కూడా కలిపి వేయాలి. తప్పు రైతుది కానప్పుడు పోయిన విడత పోయినట్టే అనడం న్యాయం కాదు.

కౌలు రైతులకు సాయం ఏ నెలలో, ఎంత, ఎవరికి అన్నది తేదీతో ప్రకటించండి. మూడో విడతలో రావలసిన రాష్ట్రం నాలుగు వేలకు కూడా అలాగే తేదీ చెప్పండి. దాళ్వా (రబీ) ఊడ్పులు మా దగ్గర మొదలవుతున్నాయి. ఇక వచ్చే ఏటి తొలి విడత జూన్ 1 లోపు పడాలి, కాలువలకు నీళ్లు వదిలే తేదీతో పాటు ఈ తేదీ కూడా ముందే చెప్పాలి. కేంద్రం విడత ఆలస్యమైతే రాష్ట్రం ఐదు వేలు ఆగనక్కర్లేదు. రెండూ ఒకే రోజు పడాలన్నది సభల కోసం బాగుంటుంది, చేల కోసం కాదు.

ఒక్క మనవితో ముగిస్తాను. ఏప్రిల్‌లో మా మండలంలో ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టించండి. భూమి ఉన్నవాళ్ల జాబితా, కౌలు చేసేవాళ్ల జాబితా, తీసేసిన పేర్లు కారణాలతో సహా, మూడూ సచివాలయం గోడకు అంటించి బిగ్గరగా చదివించండి. ఎవరి చేను ఎవరు చేస్తున్నారో ఊరే చెబుతుంది. పల్లంకుర్రు, దొంతికుర్రు నుంచి బలుసుతిప్ప దాకా కౌలు రైతులను ఆ సభలకు తీసుకొచ్చే పని మేము చూసుకుంటాము. సభ తేదీలు మార్చి నెలాఖరు లోపు తెలియజేయగలరు.

ఇట్లు,
కాట్రేనికోన మండలం నుంచి ఒక రైతు
2025 డిసెంబరు